తూము దగ్గర అప్ప

మా ప్లంబరుకి నేనంటే పడదు. పెందుర్తిలో మా కాలనీ మొత్తానికీ అతనొక్కడే దిక్కు. నలభై దాటిన మనిషి, పని తెలిసినవాడు. కానీ ఫోనులో నా గొంతు వినబడగానే "రేపొస్తానండి" అంటాడు. ఆ రేపు రావడానికి వారం పడుతుంది. తప్పు నాదేలెండి. వచ్చినవాణ్ణి వచ్చినట్టు పని చేసుకోనిస్తే కదా. యాసిడ్ సీసా మూత తీస్తుంటే చెయ్యి అడ్డం పెడతాను. "ముందు విన్నావా?" అంటాను. "ఏం వినాలి మేడమ్?" అంటాడు. "తూముని" అంటాను.

పోయినసారి అతనికి ఒళ్ళు మండింది. "బాత్రూమ్ తూముని వినేదేంటి మేడమ్, ఎవరు చెప్పారు మీకివన్నీ?" అన్నాడు. నేను సీసా మూత బిగించి పక్కన పెట్టాను. చెప్పినావిడ పోయి అప్పటికి నెల కూడా కాలేదు.

ఆవిడకి పేరుంది, నాకు తెలుసు, కానీ రాయను. ఆ పేరుతో ఆవిణ్ణి ఎవరూ పిలవగా నేను వినలేదు. అందరికీ అప్పే. మా వైపు అప్ప అంటే అక్క. ఆవిడకంటే ఇరవై ఏళ్ళు పెద్దవాళ్ళూ అప్ప అనేవారు, బస్సు డిపోలో కండక్టర్లూ అప్ప అనేవారు. ఆఖరికి కట్టుకున్న మొగుడు కూడా ఒకసారి నలుగురిలో నోరుజారి "అప్పా, కాపీ" అన్నాడు. వీధి వీధంతా నవ్వితే పాపం రెండు రోజులు గడప దాటలేదు.

మద్దిలపాలెంలో డిపో వెనక వీధిలో ఆవిడ ఇల్లు. మేం అందులో ఏడేళ్ళు అద్దెకున్నాం. అవి ఎనభైల మొదటి రోజులు. గాజువాక అవతల ఉక్కు ఫ్యాక్టరీ పనులు సాగుతూ, ఎక్కడెక్కడి ఇంజినీర్లూ కాంట్రాక్టర్లూ ఊళ్ళో దిగుతున్నారు. ఒక గది ఖాళీ అయిందంటే సాయంత్రానికి అందులో కొత్తవాళ్ళ సామాను ఉండేది. ముందు వాటా మాది. నేనూ, పోర్టులో గుమాస్తాగా చేసే మా ఆయనా, మా అత్తగారూ. నడిమి వాటాలో అప్ప, ఆవిడ మొగుడు. వెనక వాటాలో చేపలమ్మే ఒకావిడ, ఆవిడ కూతురు. మూడు వాటాల స్నానాల గదులూ ఇంటికి ఎడమ పక్కన వరసగా ఉండేవి. మూడింటి నీళ్ళూ ఒకే గొట్టంలో పడి పెరటి చివర సెప్టిక్ ట్యాంకులోకి పోయేవి. ఆ గొట్టం నుంచే ఇంకొక సిమెంటు గొట్టం గోడ పట్టుకుని మేడ మీద దాకా లేచి, పైన నడుమెత్తున నోరు తెరుచుకుని ఉండేది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి చాలు.

అప్ప పొడుగు మనిషి. ఎముకలూ చర్మమూ తప్ప ఒంటి మీద ఏమీ ఉండేది కాదు. ఎవరింట్లోనైనా తూము మూసుకుందని కబురు రాగానే చీర పిక్కల పైకి ఎగగట్టి, కొంగు బొడ్లో దోపి, పొడుగాటి వెదురు బద్ద పట్టుకుని బయల్దేరేది. మా వైపు పెద్దాడవాళ్ళు ముక్కు మధ్యన వేలాడేసుకునే బంగారు అడ్డబాస ఆవిడకీ ఉండేది. తూము ముందు గొంతుక్కూర్చుని, ఎడమచేత్తో ఆ అడ్డబాసని పైకెత్తి పట్టుకుని, కుడి చెవి నేల దాకా వంచేది. ఇంక చూస్కోండి, ఇంట్లో ఎవరూ కిక్కురుమనకూడదు. రేడియో కట్టెయ్యాలి. పప్పు రుబ్బుతుంటే రుబ్బురోలు ఆగిపోవాలి. ఒకరు బాల్చీతో నీళ్ళు పోస్తుంటే ఆవిడ కళ్ళు మూసుకుని వినేది.

"గళగళా అన్నాదంటే దారి బాగున్నాదని," అనేది నాతో. "ఏటీ అననేదంటే ఎవులో గంజి వొంపేసినారని. గుడగుడా అన్నాదంటే మాత్రం బద్ద ఎట్టి పొడవకు. గొట్టానికి ఊపిరి అందక గింజుకుంతంది."

ఈ విద్య ఆవిడకి ఇల్లు కడుతున్నప్పుడు అబ్బింది. మొగుడు పోర్టులో ఖలాసీ. రోజంతా గ్రీజులోనూ మసిలోనూ పనిచేసే మనిషికి తూము మాటెత్తితే కడుపులో తిప్పేది. అన్నం ముందు కూర్చున్నప్పుడు ఎవరైనా ఆ మాటంటే పళ్ళెం పట్టుకుని వీధిలోకి పోయేవాడు. అందుకని ఇల్లు కట్టించే భారమంతా అప్ప మీద పడింది. మేస్త్రీ వెనకాలే తిరిగి ప్రతి గొట్టానికీ "ఇదెందుకు?" అని అడిగిందట. "అప్పా, నీకు జవాబులు సెప్పే టయానికి ఇంకో ఇల్లు లేపీవోణ్ణి" అని ఆ మేస్త్రీ దణ్ణం పెట్టేశాట్ట. ఆ మాట చెప్పుకుని మురిసిపోయేది.

నాకు మొదటి పాఠం కాపరానికొచ్చిన నెలలోనే అయింది. బొబ్బిలి దగ్గర మా పుట్టింట్లో స్నానమంటే పెరట్లో తడికల చాటున. తూము కింద గొట్టం వంకరగా ఉంటే నాకేం తెలుసు. మేస్త్రీ సరిగ్గా పెట్టలేదు కాబోలన్నాను. అప్ప నవ్వలేదు. చెంబుడు నీళ్ళు పోసి, టార్చిలైటు వేసి చూపించింది.

"ఆ వొంపులో నీళ్ళు నిలబడ్డాయి, కనబడతన్నాయా? అదే తలుపు. నీళ్ళ తలుపు. కిందనున్న కంపు ఆ తలుపు దాటి ఇంట్లోకి రానేదు. పది రోజులు తాళమేసుకుని ఊరెల్లి వచ్చినావనుకో, ఆ నీళ్ళు ఎండిపోతాయి, ఇల్లు కంపు కొడతాది. అప్పుడు బద్దలూ వొద్దు, మందులూ వొద్దు. సెంబుడు నీళ్ళు పొయ్యి, సాలు."

మేడ మీదికి పోయే గొట్టం సంగతి కూడా ఆ రోజే అడిగి ఉంటే ఎంత బాగుండేదో. అడగలేదు.

తూములోంచి తీసినదాన్ని అప్ప వెంటనే పారేసేది కాదు. తన గుమ్మం ముందు ఒక ఇటుక ఉండేది, దాని మీద పెట్టేది. జుట్టు ఉండలు, గిన్నెలు తోమిన కొబ్బరిపీచు, ఆదివారం తలంట్ల తాలూకు శీకాయ ముద్ద. ఒకసారి మా ఆయన గోళ్ళు తీసుకునే కత్తెర. నోరు తెరిచి ఎవర్నీ ఒక్క మాట అనేది కాదు. సాయంత్రం దాకా అది అక్కడే ఉండేది, దాటుకుంటూ పోయేవాళ్ళంతా చూసేవారు. ఎవరి వస్తువో వాళ్ళకి తెలుసు కదా, తల దించుకుని పోయేవారు. మర్నాటి నుంచి ఆ వాటాలో తూముకి గుడ్డ అడ్డం పడేది.

యాసిడ్ పోస్తామంటే మాత్రం ఒంటికాలి మీద లేచేది. "గొట్టం ఏటి పాపం సేసినాదని దాని నోట్లో యాసిడ్డు పోత్తావు?" అని, సీసా లాక్కుని తనింట్లో పెట్టేసుకునేది.

ఆ చుట్టుపక్కల నాలుగు వీధుల్లో ఆవిడ చెయ్యి పెట్టని తూము లేదు. పైసా తీసుకునేది కాదు. పని అయ్యాక చింతపండూ బూడిదా కలిపి మోచేతుల దాకా తోముకుని, ఇంటికెళ్ళి తలారా స్నానం చేసి, అప్పుడు మళ్ళీ వచ్చి ఆ ఇంటి అరుగు మీద కూర్చునేది. టీ ఇస్తారని. ఆ టీ అంటే అంత ఇష్టం. చిత్రమేమిటంటే, మాలాంటి వ్యవసాయం ఇళ్ళల్లో పుట్టిన మనిషికే, కొందరిళ్ళల్లో ఆ టీ గ్లాసు వేరేగా ఉండేది. కిటికీలో విడిగా బోర్లించి ఉంచేవారు. మా అత్తగారూ అంతే. "మనోల్లలో పుట్టి దీనికి ఈ పనేటి" అని లోపల సణిగేది. అప్ప ఆ గ్లాసు వంక ఒకసారి చూసేది, తాగేది, "టీ బాగున్నాది" అని లేచిపోయేది. నాకు చచ్చేంత సిగ్గేసేది. నోరు మాత్రం లేచేది కాదు.

లేవకపోవడానికి కారణముంది. పెళ్ళైన మొదటి వేసవిలో ఆవకాయ జాడీలో నేను తడి చెయ్యి పెట్టానట, బూజు పట్టింది. అంత మాత్రానికే మా అత్తగారు నన్ను పుట్టింటికి పంపేసింది. మూడు నెలలు అక్కడే ఉన్నాను. మా నాన్న తలపాగా తీసి చేతిలో పట్టుకుని వచ్చి బతిమాలితే మళ్ళీ రానిచ్చింది. "ఇంకోపాలి ఎల్లిందంటే మళ్ళీ పిలవను" అని ఆయన మొహం మీదే చెప్పింది. మా ఆయన పక్కనే నిలబడి గోడకున్న క్యాలెండరు చూస్తున్నాడు. మంచివాడే. అమ్మ ముందు మాత్రం అంతే.

ఇప్పుడు అసలు సంగతి. ఆ మరుసటేడు ఎండలు ముదురుతున్న రోజుల్లో బూడిదగుమ్మడి వడియాలు పెట్టాం. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, మేడ ఎక్కలేదు. అందుకని వడియాలు పెట్టడం, కాకుల్ని తోలడం, సాయంత్రం దించడం అంతా నా వంతు. మొదటి రోజే ఒక వడియం వాసన చూసి మొహం చిట్లించింది. "వడియాలకి దొడ్డి కంపేటి? ఎక్కడ ఎట్టినావే?" అంది. ఆవకాయ కళ్ళముందు కనబడింది. మర్నాడు మేడ మీదికెళ్ళి చూశాను. ఆ సిమెంటు గొట్టం నోట్లోంచి సన్నగా కంపు వస్తోంది, గాలి వడియాల మీదికే కొడుతోంది. పక్కనే పాత కుండలున్నాయి. ఒకటి తీసి గొట్టం మూతి మీద బోర్లించాను. అంచు చుట్టూ తడి గుడ్డ కూడా చుట్టాను, ఎంత తెలివైనదాన్నో చూడండి. కంపు ఆగిపోయింది. వడియాలు బాగా ఎండాయి. మా అత్తగారు వంకపెట్టలేదు. ఆ ఇంట్లో నేను మొదటిసారి ఒక పని సరిగ్గా చేశాననుకున్నాను.

రెండు రోజులకి మా స్నానాల గదిలో కంపు మొదలైంది. అలాంటిలాంటిది కాదు, లోపల నిలబడలేం. పొద్దున్న ఉండదు. పదకొండు గంటలకి, వెనక వాటా ఆవిడ ఇంటికి రాగానే మొదలవుతుంది. ఆవిడ హార్బరులో తెల్లారగట్ల చేపలు కొని, మద్దిలపాలెం కూడల్లో అమ్ముకుని వచ్చి, బాల్చీల మీద బాల్చీలు పోసుకుని స్నానం చేసేది. అవతల ఆవిడ నీళ్ళు పోసుకోవడం, ఇవతల మా తూములో గుడగుడమనడం, కంపు గుప్పుమనడం. ఇంకేముంది, మా అత్తగారికి దొంగ దొరికిపోయింది.

"సేపల బుట్టలు గదిలో కడిగేత్తంది. ఆ నీళ్ళే ఇదంతా," అని వీధిలో నిలబడి అంది.

ఆదివారం ఆదివారం మేమూ ఆవిడ దగ్గరే చేపలు కొనేవాళ్ళం. తలకాయ కూడా వదిలేవాళ్ళం కాదు. ఆ పులుసు మా అత్తగారు రెండో రోజుకి దాచుకుని మరీ తినేది. కానీ అప్పుడా మాట ఎవరికి గుర్తుంటుంది?

వెనక వాటా ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నేదమ్మా, బుట్టలు కడిగిన నీళ్ళు కొబ్బరిసెట్టు మొదట్లో పోత్తన్నాను. గదిలో తానమే సేత్తన్నాను. నమ్మండి," అంది. ఎవరూ నమ్మలేదు. అంతకుముందే ఒక ఇంజినీరు రెండుసార్లు వచ్చి ఆ వెనక వాటా కావాలని అడిగిపోయాడు. మా అత్తగారు అప్పని పిలిచి తేల్చేసింది. "ఆ సేపల మనిసిని కాళీ సేయించు, నేదంటే మేం ఎల్లిపోతాం." పక్కింటివాళ్ళు కూడా అవునన్నారు.

ఆవిడ ఎక్కడికి పోతుంది? ఒడ్డున ఉన్న పాక సముద్రం కోతకి పోయింది. చేపలమ్ముతానని చెప్పగానే అయిదిళ్ళవాళ్ళు తలుపేసుకున్నారట, ఆరో ఇల్లు అప్పది. కూతురు అక్కడి బళ్ళో తొమ్మిదో తరగతి చదువుతోంది. ఇక్కణ్ణుంచి కదిలితే చదువు ఆగిపోతుందని ఆవిడ నాతోనే రెండుసార్లు అంది.

"ఆదివారం దాకా ఆగండి," అంది అప్ప. "కంపు ఎక్కడ కొడితే అక్కడే తప్పుంటాదని నేదు. సూత్తాను."

ఆదివారం అందరూ మా స్నానాల గది ముందు గుమిగూడారు. పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగి చూస్తున్నారు. అప్ప ముందుగా నూతి నీళ్ళు తోడించి ఆరు బాల్చీలు వరసగా పెట్టించింది. మా అత్తగారిని పిలిచి "సూసుకో, ఇవి నూతి నీళ్ళు. సేప వాసనుందేమో సూడు" అంది. తర్వాత ఆ బాల్చీలు వెనక వాటా గదిలోకి పంపించి, మా తూము దగ్గర కూర్చుంది. అడ్డబాస పైకెత్తి పట్టుకుంది. "పొయ్యి," అని కేకేసింది.

అవతల నీళ్ళు పడ్డాయి. మా తూము గుడగుడమంది. వంపులో నిలబడ్డ నీళ్ళు మా కళ్ళముందే వణికి, గుటక వేసినట్టు కిందికి జారిపోయాయి. కంపు గుప్పుమంది. అందరూ ముక్కులు మూసుకున్నారు.

"నూతి నీళ్ళే కదా పోసినాం," అంది అప్ప. "సేపలేటి, పులుసేటి. గొట్టానికి గాలి అందక మన తలుపు నీళ్ళు లాగేసుకుంతంది."

నాకప్పుడు అర్థమైంది. గాలి. మేడ మీది గొట్టం. నా కుండ. అప్ప లేచి "మీరు ఇక్కడే ఉండండి, నాను పైన సూసి వత్తాను" అంది. నేను వడియాలు తీసుకురావాలన్న వంకతో వెనకే మేడెక్కాను. ఆవిడ గొట్టం ముందు నిలబడి, నేను చుట్టిన గుడ్డ నెమ్మదిగా విప్పుతోంది. కుండ ఎత్తగానే గొట్టం ఒక్కసారి ఊపిరి పీల్చిన చప్పుడైంది.

"నేనే అప్పా," అన్నాను. "వడియాలకి కంపు పడుతోందని..."

"నాను అడగనేదు కదా," అంది అప్ప.

కుండని పాత కుండల్లో బోర్లించింది. గుడ్డ బొడ్లో దోపుకుంది. మేడ మూల పక్కింటి బాదం చెట్టు ఆకులు రాలి ఉన్నాయి, వాటిలోంచి గుప్పెడు ఎండాకులూ నాలుగు పుల్లలూ ఏరింది. కిందికి దిగి అవి తీసుకెళ్ళి ఇటుక మీద పెట్టింది. ఎన్నేళ్ళుగానో నిజమే పెట్టిన ఆ ఇటుక మీద ఆవిడ అబద్ధం పెట్టడం అదొక్కసారే.

"తప్పు నాదే," అంది, అందరికీ వినబడేలా. "గొట్టం పొట్టిగా ఎట్టించేసినాను. మూతికి టోపీ ఎయ్యనేదు. ఆకులూ పుల్లలూ పడి మూసుకుపోనాది. సేపలకీ దీనికీ సమ్మందం నేదు."

మళ్ళీ ఆరు బాల్చీలు పోయించింది. తూము గళగళమంది. వంపులో నీళ్ళు కదల్లేదు. కంపు లేదు. వెనక వాటా ఆవిడ గదిలోంచి తడి చేతులతో బయటికొచ్చి, ఎవరి మొహమూ చూడకుండా పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆవిడ వాటా ఆవిడకి మిగిలింది.

ఆ వారంలోనే అప్ప మేస్త్రీని పిలిపించి, ఏ అవసరమూ లేకపోయినా గొట్టాన్ని మనిషెత్తుకి పెంచి టోపీ పెట్టించింది. చెప్పిన అబద్ధానికి సిమెంటు పూసేసింది మహాతల్లి.

కానీ వీధి ఊరుకుంటుందా. మా అత్తగారే మొదలుపెట్టింది. "సొంతింటి గొట్టం ఎంతుండాలో తెల్దు గానీ ఊరోల్ల తూములు బాగు సేత్తాదట" అని. ఆ మాట నాలుగు వీధులూ తిరిగింది. అప్ప కోసం కబురు రావడం ఆగిపోయింది. డాబాగార్డెన్స్ నుంచి ఎవరో పనివాణ్ణి పిలిపించుకునేవారు. పొద్దున్నపూట అప్ప గుమ్మంలో ఊరికే కూర్చుని ఉండేది. వెదురు బద్ద ఎండకి ఎండి చీలిపోయింది. నడుము వంచి ఎవరింటి నేల మీదో చెవి పెట్టి వినడంలో ఆవిడకెంత సంబరమో నాకు తెలుసు. ఆ సంబరం నేను తీసేశాను. రోజూ ఆ గుమ్మం దాటుకుంటూ వెళ్ళేదాన్ని.

ఒకసారి పట్టలేక అనేశాను. "అప్పా, నేను అందరికీ చెప్పేస్తాను."

"ఏటి సెప్తావు?" అంది. బియ్యంలో రాళ్ళు ఏరుతూ తలెత్తలేదు. "నాకు తూములు నేకపోతే పొద్దుపోదా ఏటి? పో, పో. మీ అత్త పిలుత్తంది."

మా అత్తగారేం పిలవలేదు. నేను వెళ్ళిపోయాను. వెళ్ళిపోవడమే సుఖంగా ఉంది, అందుకని వెళ్ళిపోయాను. దానికి వేరే పేరు పెట్టను.

తర్వాత ఏణ్ణర్ధానికి, డాబాగార్డెన్స్ పనివాడు చేతులెత్తేసిన ఒక ఇంటి నుంచి మళ్ళీ కబురొచ్చింది. అప్ప చీర ఎగగట్టుకుని దాదాపు పరిగెత్తింది. కానీ మునుపటిలా నాలుగు వీధులూ పిలవలేదు. మేం పెందుర్తిలో ఇల్లు కట్టుకుని వచ్చేశాం. మా అత్తగారు పోయింది. తర్వాత కూడా నేను మద్దిలపాలెం ఎన్నోసార్లు వెళ్ళాను. వెళ్ళిన ప్రతిసారీ, ఇవాళ మాత్రం వెనక వాటా ఆవిడతో చెప్పెయ్యాలి అనుకునేదాన్ని. ఇల్లు పోగొట్టుకోబోయింది ఆవిడ కదా, ముందు తెలియాల్సింది ఆవిడకే కదా. ఆవిడ ఎదురుపడేది, నవ్వేది, కూతురికి గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సుద్యోగం వచ్చిందని చెప్పేది. నేను సంతోషం అనేసి వచ్చేసేదాన్ని.

పోయిన నెల అప్ప దినానికి వెళ్ళాను. పెరట్లో షామియానా వేశారు. వెనక వాటా ఆవిడ అక్కడే ఒక కుర్చీలో కూర్చుని ఉంది. డెబ్భై దాటాయి, చూపు తగ్గింది, నా గొంతు విని గుర్తుపట్టింది. నేను పక్కన కూర్చున్నాను. భోజనాలకి ఇంకా పిలుపు రాలేదు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ లేదనిపించింది.

"ఆ ఏడాది మా గదిలో కంపొచ్చి, నిన్ను ఖాళీ చేయించాలన్నారు చూడు," అన్నాను. "ఆకులు కాదు. గొట్టం మీద కుండ నేనే పెట్టాను."

"తెల్సమ్మా," అంది.

నేను కుర్చీ ఆవిడ వైపు తిప్పుకున్నాను.

"పెరట్లో బుట్టలు కడుగుతన్నాను. నువ్వు మేడ మీద కుండ బోర్లించడం సూసినాను. ఎందుకో అనుకున్నాను. అందరూ నా మీద పడ్డాక అప్పకి సెప్పేసినాను. శనివారం నాడే సెప్పేసినాను."

"శనివారమే తెలుసా అప్పకి? మరి ఆదివారం ఆ బాల్చీలూ, అదంతా?"

"సేపలు కాదని అందరికీ కనబడాల, కుండ మాత్రం ఎవులికీ కనబడకూడదు అన్నాది. నాను ఒప్పుకోనేదు. దెబ్బలాడినాను. నా ఇల్లు పోతంటే ఆళ్ళ కోడల్ని దాసుతావేటప్పా అని. అప్పుడన్నాది, నీకీ ఇల్లు పోతే నానింకోటి సూపిత్తాను, ఆ గుంటకి అత్తోరిల్లు పోతే ఎక్కడ సూపించగల్ను అని."

ఆవిడ కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. అవతల ఎవరో విస్తళ్ళు పరుస్తున్నారు.

"సరే అనడానికి నాకు ఒక పూట పట్టినాదమ్మా," అంది. "అబద్దమెందుకు."

ఆవిడకి ఒక పూట పట్టింది. నాకు నోరు విప్పడానికి నలభై ఏళ్ళు పట్టింది, అదీ అప్ప వినడానికి లేకుండా పోయాక.